నిప్పు పుట్టించుట



మన తెలుగువారు రెండు వస్తువులను గూర్చి ఒకే క్రియను వాడుదురు. “ఆ యూరిలో వానికి అప్పు పుట్టదు” అందురు. “వానికి నిప్పు పుట్టదు” అనియు నందురు. బిడ్డ పుట్టినట్లే అప్పును నిప్పును పుట్టవలసినవని మన భాష తలంచినది. ఆలోచించి చూడగా ఈ రెంటికిని వేఱొక పోలిక కూడ కలదు. రెండును పొరుగువాని గడపనుండి రావలసినవే. అగ్గిపెట్టె రాక పూర్వము మన పల్లెలలో నిప్పు చాలవఱకు ఒకరినొకరు అడిగి తెచ్చుకొను సొమ్ముగా నుండెను. ఎవరిని అడుగక స్వయముగా దానిని పుట్టించుకొను విద్య కొందఱి చేతులలో మాత్రమే యుండెను. ఆ విద్య చరిత్రమును, జనగామ, మానుకోట, భూపాలపల్లి సీమలలో దాని జాడలను, దానిని నేర్చుకొనబోయి నేను పడిన పాట్లను నేడు మీతో ముచ్చటింతును.

మీలో ఎనుబది యేండ్లు దాటినవారికి నిప్పుకు పోవుట జ్ఞాపకముండవచ్చును. తెల్లవారుజామున పొయ్యిలోని నివురు తొలగించి చూడగా నిప్పు చల్లారియున్నచో, ఇల్లాలు ఒక పిడకముక్కనో పగిలిన కుండపెంకునో పిల్లచేతికిచ్చి పొరుగింటికి పంపుచుండెను. ఆ పిల్ల రెండు కణకణలాడు బొగ్గులను పెంకులో పెట్టించుకొని, గాలికి చేయి అడ్డము పెట్టి, ఉరుకులతో తిరిగి వచ్చుచుండెను. అందుచేతనే రాత్రి పండుకొనుటకు ముందు పొయ్యిలోని నిప్పును ఆర్పెడివారు కారు, కప్పెడివారు. బూడిద గాలిని పూర్తిగా ఆపదు. నిప్పు మెల్లగా ఊపిరి పీల్చుటకు చాలినంత గాలిని లోనికి విడుచును, వేడిని మాత్రము బయటికి పోనీయదు. పాలు కాచు దాలిలో పిడకనిప్పు దినమెల్ల నిలుచుటకును ఇదియే కారణము. నివురు గప్పిన నిప్పు అను మాటను నేడు మనము కోపమునకు, కక్షకు వాడుచున్నాము. ఆనాటి ఇల్లాలికి అది రేపటి వంట.

నిప్పును మోసికొని తిరుగుట మన పల్లెలకే చెల్లినది కాదు. 1991లో ఇటలీ, ఆస్ట్రియా దేశముల సరిహద్దున ఆల్ప్సు పర్వతముల మంచులో అయిదు వేల సంవత్సరములకు పూర్వము చనిపోయిన యొక బాటసారి దేహము దొరకెను. అతని సామానులో చెట్టుబెరడుతో కుట్టిన డబ్బా యొకటి కలదు. దానిలో పచ్చియాకులలో చుట్టిన బొగ్గులుండెను. అది నిప్పు మోయు పాత్రయని పండితులు తేల్చిరి. అతని నడుమునకు గట్టిన సంచిలో కొయ్యపై పెరుగు ఒక జాతి పుట్టగొడుగు ఎండు ముక్కయు, దానికంటిన ఇనుము గంధకము కలిసిన ఖనిజపు రేణువులును కనబడినవి. అనగా ఆతడు నిప్పును మోసికొనియు పోయెను, అది చల్లారినచో పుట్టించుకొను సాధనమును దగ్గఱ నుంచుకొనెను. బుద్ధిమంతుడు.

నిప్పు అడిగి తెచ్చుకొనవలసినదైనపుడు దానిని ఇయ్యననుటకు అవతలివానికి అధికారముండును. దీపములు పెట్టిన పిమ్మట నిప్పు బయటికీయగూడదను పట్టింపు చాల యిండ్లలో నుండెను. అది చిన్న సంగతి. పెద్ద సంగతి వెలి. ఊరు ఒక కుటుంబమును వెలివేసినచో చేయు మొదటి పని నిప్పు, నీళ్ళు బందు చేయుట. ఉత్తరదేశమున దీనినే హుక్కాపానీ బందందురు. అచట హుక్కా, ఇచట పొయ్యి, అంతే భేదము. చిత్రమేమనగా, వేల మైళ్ళ దూరమునున్న రోమునగరపు న్యాయశాస్త్రమునందును దేశబహిష్కారమునకు నీటిని నిప్పును నిషేధించుట యనియే పేరు. క్రీస్తుకు పూర్వము 58వ సంవత్సరమున సిసిరో అను మహావక్తకు ఆ శిక్షయే విధించిరి. ఎవని పొయ్యి చల్లార్చవలయునో నిర్ణయించు శక్తి యెవని చేతిలోనున్నదో వాడే ఊరికి దొర. తల వంచని రైతును, ఎదురు చెప్పిన కూలివానిని లొంగదీయుటకు కట్టె యెత్తనక్కఱలేదు. నిప్పు పుట్టకుండ చేసిన చాలును.

అట్టి నిప్పు బందునకు లొంగనివారు ఎవరు? ఊరిలో నిలుకడగా నుండనివారు. గొఱ్ఱెలను తోలుకొని నెలలకొలది గుట్టలవెంబడి తిరుగు గొల్లకురుమలు, ఎడ్లమీద ధాన్యము ఉప్పు వేసికొని దేశములు తిరిగిన లంబాడీలు, రాత్రి బండ్లు విడిచి రావిచెట్టు క్రింద వండుకొను బండివారు, అడవిలోని కోయలు, నాయకపోడులు. వీరికి పొరుగిల్లు లేదు. కనుక వీరి నిప్పు వీరి నడుముననే యుండవలయును. ఆ నడుమున నుండిన సంచియే చెకుముకి సంచి.

చెకుముకి యను మాట మనది కాదు. తురుష్కభాషలో చక్మక్ అనగా కొట్టి నిప్పు పుట్టించు సాధనము. అది పారసీకము, ఉరుదూ భాషలద్వారా మనకు వచ్చి, మన నోట చకిముకి, చెకుముకి యైనది. నేడు తెలుగు బాలురకు ఈ పేరు తెలియును. జనవిజ్ఞాన వేదికవారు పిల్లలకొఱకు వెలువరించు విజ్ఞానపత్రిక పేరు చెకుముకి. పేరు తెలిసిన పిల్లలలో వస్తువును చూచినవారు ఎందఱు?

దీనికి మూడు వస్తువులు కావలయును: రాయి, ఉక్కు, దూది. రాయి జనగామ సీమకు కొఱత గాదు. అచటి నేల యంతయు పురాతనమైన నల్లరాతి గుట్టలు. ఆ గుట్టలలో నడుమనడుమ తెల్లని చారలవలె పలుగురాయి పాఱియుండును. దున్నిన చేలలో ఎండకు తళతళలాడునది అదియే. పలుగురాయి ఉక్కుకంటె గట్టిది. దానిని పగులగొట్టిన కత్తివంటి అంచు దొరకును. అంతకన్న మెఱుగైనది నున్నగా, పొరలు లేక, గాజువలె పగులు అసలు చెకుముకిరాయి. దాని అంచు త్వరగా మొండిపడదు.

ఉక్కును గూర్చి చెప్పవలయునన్న తూర్పుగా మానుకోట జిల్లాకు పోవలయును. మహబూబాబాదు స్టేషనున్న యూరిని పెద్దలు నేటికిని మానుకోట యనియే పిలుతురు. మ్రానులే కోటగా గలదని దానికి జనులు చెప్పు అర్థము. ఆ జిల్లాలోని బయ్యారము, 2016కు పూర్వము ఖమ్మము జిల్లాలోనిది, రెండు కారణములచే ప్రసిద్ధము. ఒకటి, గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెఱువు, కాకతీయుల వంశక్రమమును దెలుపు అచటి శాసనము. రెండవది, ఇనుపరాయి. తెలంగాణపు కమ్మరులు ఇనుపరాతిని కరగించి ఉక్కు చేయుటలో లోకప్రసిద్ధులు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున చేసిన ఉక్కును 1820 ప్రాంతముల వాయిసీ అను ఇంగ్లీషు వైద్యుడు చూచి వర్ణించెను. 2010లో ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయపువారును బెంగుళూరు పండితులును కలిసి ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి ఆ పాత కొలుముల చిట్టెపు దిబ్బలను పరిశీలించిరి. ఇంత ఉక్కు పండిన నేలలో చెకుముకికి కావలసిన బొటనవ్రేలంత ముక్క ఒక లెక్కయా! అరిగిన ఆకురాయి, విఱిగిన కొడవలి కొసయు చాలును. కాని మెత్తని ఇనుము పనికిరాదు. బొగ్గుసారము బాగుగా నెక్కి, కాల్చి నీట ముంచి గట్టిపఱచిన ఉక్కే కావలయును.

ఇక నా పాట్లు. జనగామకు దాపున నొక పల్లెలో, గొఱ్ఱెలు కాచి ముసలివాడైన యొక తాత నాకీ విద్యను చూపెను. ఆయన తండ్రి వాడిన తోలుసంచి యింటి దూలమునకు వ్రేలాడుచుండెను. అందులో ఆకురాయి ముక్క యొకటి, కోడిగ్రుడ్డులో సగమంత రాయి యొకటి, మూత బిగించిన చిన్న డబ్బాలో నల్లని దూదియు నుండెను. నేను ఉత్సాహముతో రాతిని పట్టి ఉక్కుతో బలముగా మోదితిని. రాతియంచు విఱిగెను, వ్రేలు నలిగెను, నిప్పు రాలేదు. తాత నవ్వెను.

“గట్ల కొట్టద్దు బిడ్డా. రాయితోని ఇనుమును గీరాలె.”

“నిప్పు రాతిలోనిది కాదా, తాతా?”

“రాయిల ఏముంటది? కాలేది ఇనుమే.”

నేను ఆశ్చర్యపడితిని. ఏలయనగా 1665లో రాబర్టు హుక్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు చెకుముకి రవ్వలను తెల్లకాగితముపై పట్టి, సూక్ష్మదర్శనితో చూచి, అవి కరగి గుండ్రనైన ఉక్కు తునకలని వ్రాసియున్నాడు. రాతియంచు ఉక్కునుండి వెండ్రుకకన్న సన్నని పొరను గీరివేయును. ఆ రాపిడికి తునక వేడెక్కును. చాల చిన్నది గనుక గాలి తగిలిన వెంటనే తానే మండిపోవును. రాయి చేయునది రంపపు పని మాత్రమే. ఈ సంగతి మన తాతకు సూక్ష్మదర్శని లేకయే, అరిగిన ఉక్కును చూచి తెలిసినది. రాయి ఏడాదికొకటి మార్చిననేమి, ఉక్కు అరుగుచుండుటను ఆయన కన్నులార చూచెను.

రెండవ దినమున రవ్వలు రాలినవి. దూది అంటుకొనలేదు. తప్పు నాదే, డబ్బాలోని నల్లదూది ఖర్చగునని సంకోచించి తెల్లని ప్రత్తి పెట్టితిని. “తెల్లదూది పట్టది బిడ్డా. దూది ఒక్కపారి కాలి సచ్చి ఉండాలె” యని తాత చెప్పెను. ఇంతకన్న చక్కగా ఏ రసాయనశాస్త్ర గ్రంథము చెప్పగలదు? రవ్వ బ్రతుకు కనుఱెప్పపాటు. దాని వేడి కొంచెము. పచ్చిప్రత్తి యంటుకొనుటకు ముందుగా ఆ వేడి చాలదు. ఒకసారి గాలి తగులకుండ మాడి బొగ్గైన దూది అట్లు కాదు. అణుమాత్రపు రవ్వ పడినను ఎఱ్ఱని చుక్కయై వ్యాపించును. దీనిని చేయు విధము సులభము. పాత నూలుగుడ్డ పేలికలను ఒక చిన్న డబ్బాలో పెట్టి, మూతకు సూదిబెజ్జమంత రంధ్రము విడిచి, నిప్పుపై నుంచవలయును. రంధ్రమునుండి పొగ వచ్చుట మానినంతనే దించి, పూర్తిగా చల్లారినపిమ్మట మాత్రమే మూత తీయవలయును. తొందరపడి వేడిగా తీసినచో గాలి సోకి లోపలిదంతయు బూడిద యగును. నేను రెండుసార్లు బూడిద చేసితిని. అడవిసీమలలో ఈ పనికి బూరుగుదూదిలో బొగ్గుపొడి కలిపి నలిపి యుంచుదురు. భూపాలపల్లి అడవులలో బూరుగుచెట్లకు కొదువలేదు.

మూడవ దినమున తాత చేతులు పట్టి చూపెను. ఎడమచేతిలో రాయి, దాని వాడియంచుపైననే నల్లదూది చిటికెడు, బొటనవ్రేలితో అదిమిపట్టవలయును. కుడిచేతి ఉక్కును మీదినుండి క్రిందికి, రాతియంచును ఒరసికొనుచు జాఱవిడువవలయును. బలము వలదు, వాలు కావలయును. గాలి వీచుచున్నందున ఆయన తన గొంగడిని మాకు అడ్డముగా నిలిపెను. ఉన్ని రవ్వకు తొందరగా అంటుకొనదు. ఏడెనిమిది దెబ్బలకు దూదిలో ఆవగింజంత ఎఱ్ఱని కన్ను తెఱచుకొనెను. నేను సంతోషము పట్టలేక ఉఫ్ఫని ఊదితిని. అది ఆరిపోయెను. తాత ఏమియు ననలేదు.

నాలుగవ దినమున మాత్రమే మంట వచ్చినది. ఎఱ్ఱబడిన దూదిని నలిపిన తాటిపీచు, ఎండుగడ్డి కలిపి చేసిన పిట్టగూటివంటి చుట్టలో పెట్టి, చుట్టను వదులుగా మూసి, ముఖముకన్న ఎత్తున పట్టుకొని, బిడ్డకు పాలు చల్లార్చునట్లు ఊదవలయును. ముందు పొగ తెల్లగా సన్నగా వచ్చును. అది పసుపుపచ్చగా దట్టమైనపుడు ఇంకొక ఊపిరి. తటాలున మంట లేచును. చేయి కాలకుండ జాగ్రత్తపడవలయును. వానకాలమున ఈ పని యెట్లని యడుగగా, సంచిని రాత్రింబగళ్ళు ఒంటికి తగిలించుకొనుటయే మార్గమని తాత చెప్పెను. ఒంటివేడికి దూది చెమ్మ పట్టదు. ఈ సంచి నడుమునకు కట్టుకొనుట సోకు కాదు, దానిలో అవసరమున్నది.

ఇనుము పుట్టకమునుపు మనుజులకు నిప్పు లేకపోలేదు. కర్నూలు గుహలలో పాతరాతియుగపు మానవుల కాలపు బూడిద జాడలు దొరకినవి. వారు దానిని ఏ విధమున రాజేసిరో బూడిద చెప్పదు. కఱ్ఱను కఱ్ఱతో రాచి నిప్పు తీయు విధమును మాత్రము మన వైదికసంప్రదాయము నేటివఱకు కాపాడినది. అదియే అరణి. జమ్మిచెట్టుపై మొలచిన రావికొయ్యతో చేసిన రెండు పలకలు. క్రిందిది అధరారణి, పైది ఉత్తరారణి. నడుమ నిలువుకఱ్ఱ నిలిపి, త్రాడు చుట్టి, ఒకరు పైనుండి అదిమిపట్టగా మఱియొకరు త్రాటిని ఇటునటు లాగుదురు. మన యింటిలో చల్ల చిలుకు కవ్వమునకును దీనికిని ఏమియు భేదము లేదు. రెంటికిని మథనమనియే పేరు. ఒకదానినుండి వెన్న, ఒకదానినుండి అగ్ని. కోనసీమలోని ఆహితాగ్నులు ఈ అరణులతోనే తమ శ్రౌతాగ్నులను నెలకొల్పుకొనిరి. వారి జీవితములను గూర్చి డేవిడు నైప్ అను అమెరికా పండితుడు ఏండ్లతరబడి వారి గడపలు త్రొక్కి వ్రాసిన గ్రంథము 2015లో వెలువడినది.

జమ్మి 2014 నుండి తెలంగాణ రాష్ట్రవృక్షము. దసరానాడు దాని ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టుదుము. ఆ చెట్టు గర్భమున అగ్నియున్నదను నమ్మకమునకు మూలమైన కథను పోతనామాత్యుడు భాగవత నవమస్కంధమున చెప్పియున్నాడు. పోతన యూరుగా మనవారు కొలుచు బమ్మెఱయు, సోమనాథుని పాలకుర్తియు జనగామ జిల్లాలో ఇరుగుపొరుగు గ్రామములే గదా. పురూరవుడు ఊర్వశిని బాసి దుఃఖించుచుండగా గంధర్వులు అతనికి అగ్నితోగూడిన పాత్ర నిచ్చిరి. అతడు దానిని అడవిలో విడిచిపోయెను. మరల వచ్చి చూడగా నిప్పు లేదు. జమ్మినుండి మొలచిన రావి యున్నది. దానితో రెండు అరణులు చేసి మథించి అగ్నిని పుట్టించి, ఆ యగ్నిని తన కుమారునిగా భావించెను. ఇందు వేదాంతార్థములు పండితులు చెప్పుదురు గాక. నాకు తోచినదేమనగా, ఇది మన పల్లెకథయే. ఒకరిచ్చిన నిప్పు ఒకనాటికి చల్లారినది; పుట్టించుకొన నేర్చిన నిప్పు కొడుకైనది.

ఆ నిప్పు పోయినచో గృహస్థునకు ఎంత దిక్కుమాలినతనమో అరణ్యపర్వము కడపటి కథ చెప్పును. ఒక బ్రాహ్మణుని అరణి లేడికొమ్ములకు చిక్కుకొనిపోగా, పాండవులు అయిదుగురును దానివెంట పరుగెత్తిరి. యక్షుడు కొలనుగట్టున ప్రశ్నలడిగినది ఆ పరుగుననే. యక్షప్రశ్నలు అందఱికిని జ్ఞాపకమున్నవి. అవి ఒక నిప్పుకఱ్ఱకై వచ్చినవని మఱచితిమి.

త్రాడు, పలకలు లేని బాటసారి అరచేతులమధ్య కఱ్ఱను త్రిప్పియే నిప్పు తీయవలయును. ఎండిన మెత్తని కొయ్యలో చిన్న గుంట, గుంట ప్రక్కన ఒక గాటు. త్రిప్పగా వచ్చిన పొడి ఆ గాటిలో చేరవలయును. పొడి గోధుమరంగున నున్నంతకాలము శ్రమ వ్యర్థము. కాఫీపొడివలె నల్లబడి, త్రిప్పుట మానినను పొగ వచ్చుచున్నచో అందులో నిప్పు పుట్టినదన్నమాట. నేను దీనిని చాలసార్లు ప్రయత్నించి, అరచేతులు బొబ్బలెక్కించుకొని, పొగవఱకు వచ్చితిని. నిప్పు నాకు దక్కలేదు. చెకుముకి నేర్చినవాడు అరణి నేర్చినవాడు కాడు.

ఎండయున్నచో మాత్రము శ్రమ లేదు. భూతద్దమును నల్లదూదిపై సూదిమొనయంత వెలుగుచుక్క పడునట్లు పట్టిన క్షణములలో రాజుకొనును. ఇదియు క్రొత్త సంగతి కాదు. మెఱుగుపెట్టిన కంచునుగాని మణినిగాని సూర్యునికెదురుగా, ఎండిన పేడకు తాకకుండ పట్టిన అది మండునని యాస్కమహర్షి నిరుక్తమున చెప్పియే యున్నాడు. ఎండుపేడ! మన పిడకకు ఇంతటి పురాతనమైన కీర్తియున్నదని పిడకలు చఱచు అమ్మలకు తెలిసిన సంతోషింతురు.

ఇక అగ్గిపుల్ల. 1827లో ఇంగ్లాండులో జాన్ వాకర్ అను మందులవ్యాపారి గీచిన మండు పుల్లలను మొదట అమ్మెను. పిమ్మట తెల్లభాస్వరపు పుల్లలు వచ్చినవి; వానిని చేయు కూలీల దవడయెముకలు కుళ్ళిపోవుటచే వానిని నిషేధించుటకు 1906లో బెర్నునగరమున పలుదేశములు ఒడంబడిక చేసికొన్నవి. పెట్టెప్రక్కన గీచిననే మండు అపాయరహితమైన పుల్లను స్వీడనువారు 1855 నాటికే అమ్మకమునకు తెచ్చిరి. మన సీమకు నిజాము రైలు 1886లో వరంగల్లువఱకు, 1889లో మానుకోట మీదుగా బెజవాడవఱకు వచ్చెను. పరదేశపు సరకులు పల్లె దుకాణమునకు చేరుటకు దారి యేర్పడినది. 1923లో స్వీడనువారి వింకో కంపెనీ బొంబాయి రాష్ట్రమున వెలసెను. ఆ యేడాదియే అరవదేశపు శివకాశిలో అయ్యనాడారు, షణ్ముగనాడారు అను ఇరువురు దాయాదులు, ముందటి యేట కలకత్తా పోయి నేర్చుకొనివచ్చిన పనితో అగ్గిపెట్టెల కార్ఖానా నెలకొల్పిరి. 1934లో బ్రిటిషిండియా ప్రభుత్వము అగ్గిపెట్టెపై సుంకము వేసెను. చెకుముకిపై సుంకము వేయుట ఏ దొరకును సాధ్యము కాలేదు.

అగ్గిపెట్టెను నేను నిందింపను. ఒక విధముగా అది పల్లెకు చేసిన మేలు గొప్పది. వెలిపడిన యింటికి నిప్పు బందు చేయుట దానితో వట్టిమాటయైనది. ఇంటింట నిప్పు పుట్టినది. 2007 నుండి రూపాయికి దొరకిన పెట్టె 2021 డిసెంబరులో రెండు రూపాయలైనను, అది నేటికిని చవుకయే. నా మనస్తాపము వేఱు. గొల్లవాని నడుమున నుండిన విద్య ఒక్క తరములో ఎవరును నిషేధింపకయే పోయినది. పోయినదని గమనించినవారును లేరు.

ఈ విద్యను అడవిలో అభ్యసింపదలచిన చిన్నవారికి ఒక హెచ్చరిక. వెదుళ్ళు ఒండొంటిని రాచుకొని కార్చిచ్చు పుట్టునని కావ్యములు వర్ణించినవి. భూపాలపల్లి వెదురుపొదలలో వేసవిగాలి చేయు కిఱకిఱ విన్నవారు దానిని నమ్మకపోరు. కాని మన అడవులలో చెలరేగు మంటలలో అధికభాగము మనుష్యుల చేతి పుణ్యమే. తునికాకు చివురించుటకు పెట్టిన మంట, ఇప్పపూవు ఏరుటకు చెట్టుక్రింది ఆకులకు పెట్టిన మంట, ఆర్పక విడిచిన వంటపొయ్యి. రాజేయుట నాలుగు దినములలో నేర్చితిని. నీళ్ళు పోసి, కలియబెట్టి, చేయి పెట్టి చల్లబడినదని చూచువఱకు అచటినుండి కదలకుండుట తాత నాకు మొదటి దినముననే నేర్పెను.

భూపాలపల్లిలో అడవిక్రింద మఱియొక అడవి యున్నది, నేలబొగ్గు. ఇల్లెందు సీమలో 1871లో కింగు దొర కనిపెట్టిన గోదావరిలోయ బొగ్గే ఇచటివఱకు వ్యాపించినది. ఇచటి సింగరేణి గనులలోనికి దిగు కూలివాడు అగ్గిపెట్టెగాని బీడీగాని దగ్గఱ నుంచుకొనగూడదు. తనిఖీ చేసిన పిమ్మటనే దిగవలయును. లోపలి వాయువులు రవ్వ సోకిన పేలును. బొగ్గునకు వేఱొక గుణమును కలదు. గాలి సోకినచోట ఎవరును అంటింపకయే మెల్లగా వేడెక్కి తనంతట రాజుకొనును. అట్టి తావులను గోడలు కట్టి గాలి దూఱకుండ మూసివేయుదురు. మన ఇల్లాండ్రు బూడిదతో కొలిచి విడిచిన గాలిని అచట ఇటుకలతో పూర్తిగా ఆపుదురు.

గనులు చూచి తిరిగివచ్చుచు జనగామలో దిగి తాతను మరల చూచితిని. అగ్గిపెట్టెలు బయట పెట్టించి లోనికి పంపు సంగతి చెప్పగా ఆయన చాలసేపు నవ్వెను. పోవునపుడు ఆ రాతిని, డబ్బాలోని నల్లదూదిలో సగమును నాకిచ్చెను. ఉక్కుముక్కనుగూడ ఇచ్చునేమో యని నేను ఆశతో చూచితిని. ఆయన దానిని సంచిలో వేసి, సంచిని మరల దూలమునకు కట్టుచు, “ఇది ఇయ్యలేను బిడ్డా. పట్నంల సదువుకునే మనుమడున్నడు. ఎప్పుడన్న అడుగుతడేమో” అనెను.